తలుపుల్లేని నలభై ఐదు అంతస్తులు

ఎనిమిదో నంబరు తుఫాను సంకేతం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి ఎగరేశారు. రెండున్నరకల్లా హోయ్‌సింగ్ టవర్‌లోని ఆఫీసులు ఖాళీ అయ్యాయి. మూడూ ఇరవైకి గార్డులు ముందు తలుపులకు ఇనప పలకలు బిగించి, కింద ఇసుక బస్తాలు పేర్చారు. ఆ తర్వాత లోపలివాళ్లు బయటికి పోవడానికి గానీ, బయటివాళ్లు లోపలికి రావడానికి గానీ దారి లేదు.

లోపల మిగిలింది ఐదుగురని టవర్‌వాళ్లు అన్నారు. ఇన్‌స్పెక్టర్ యిమ్ పుయ్‌సాన్ లెక్కలో ఆరుగురు.

ఆరో మనిషి లిఫ్టు మెకానిక్ తోంగ్ పాక్‌మింగ్. వయసు యాభై ఎనిమిది.

మూడు వారాల కిందట ఇదే టవర్ యాభై రెండో అంతస్తులో ఇంగ్ సావ్‌లింగ్ అనే పారిశుధ్య కార్మికురాలు చనిపోయింది. ఏడో నంబరు లిఫ్టులోకి చెత్తబండి తోస్తుండగా, తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు కదిలింది. ఆ కేసు యిమ్‌ది. ఇవాళ మధ్యాహ్నం పన్నెండూ పదికి తోంగ్ ఆమెకు ఫోన్ చేశాడు.

"మేడమ్, మూడింటికి కింద లాబీకి రండి. లిఫ్టులన్నీ నిలిపేసి వస్తా. నేనొక్కణ్ణే కాదు, ఇంకో మనిషిని తెస్తా. మాట్లాడేది అతను. నేను పక్కన కూర్చుంటా."

ఎవరని యిమ్ అడిగింది. "అది అతని నోటితోనే చెప్పాలి" అని పెట్టేశాడు.

ఆమె రెండూ యాభైకి వచ్చింది. మూడు దాటింది. మూడున్నర దాటింది. ఎవరూ రాలేదు.

మూడూ నలభైకి ఆమె కంట్రోల్ రూములో కూర్చుని ఉంది. ఎదురుగా గార్డు చోయ్. అరవై ఏడేళ్లు. టవర్ తెరిచిన రోజు నుంచీ ఆ కుర్చీ అతనిది. అందరూ బాబాయ్ అంటారు. ఫ్లాస్కులోంచి పాల టీ పోసి యిమ్ ముందు పెట్టాడు.

"తాగండి మేడమ్. సంకేతం దించేదాకా మనం ఎటూ పోలేం."

"తోంగ్‌ని ఆఖరిసారి ఎప్పుడు చూశారు బాబాయ్?"

"రెండూ ముప్పై ఐదుకి. ఇదిగో సంతకం." గేటు రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు.

"ఏమన్నా అన్నాడా?"

"ఏమంటాడు? ఇంటికెళ్లి నూడుల్స్ తిని పడుకుంటా అన్నాడు. లిఫ్టు పుస్తకం ఈ బల్ల మీద పడేసి పోయాడు."

"గొడుగు ఉందా?"

"ఈ గాలికి గొడుగేంటి మేడమ్! గొడుగుతో పాటు వాడూ ఎగిరిపోడూ? వానకోటు వేసుకున్నాడు."

"గేటు కెమెరా చూపించండి."

"అది లేదు. గాలికి ఊడి ఎవరి నెత్తినన్నా పడుతుందని ఒంటిగంటా నలభైకే విప్పేశాం."

వాకీటాకీ గరగరమంది. కారు పార్కింగు రాంపు దగ్గర ఇద్దరు గార్డులు ఇసుక బస్తాలు వేస్తున్నారు. చోయ్ మైకు నొక్కాడు.

"నీళ్లెంత?"

"మూడో బేస్‌మెంట్‌లో మోకాలి దాకా బాబాయ్. సముద్రం పొంగుతోంది."

"పది నిమిషాలకోసారి చెప్తూ ఉండండి."

తలుపు తోసుకుని క్వాక్ సియుహోన్ వచ్చాడు. టవర్ భద్రతాధికారి. ఐదేళ్ల కిందటి వరకూ పోలీసు సూపరింటెండెంటు. యిమ్ అతని కింద ఏడేళ్లు పనిచేసింది.

"ఇంకా ఇక్కడేనా?" అన్నాడు. "ఎనిమిదో నంబరు ఎగరేస్తే ఊరంతా ఇంటికెళ్లి మాజోంగ్ ఆడుకుంటుంది. నువ్వేమో మా ముసలాయన టీ అంతా తాగేస్తున్నావు."

"మీ టవర్‌లో ఒక మనిషి కనిపించడం లేదు సార్."

"సంతకం పెట్టి పోయినవాణ్ణి కనిపించడం లేదు అనరు. వెళ్లాడు అంటారు. నీకు ఉద్యోగం నేర్పింది నేనే కదా, ఈ మాత్రం నేర్పలేదా?"

"నేర్పారు. సంతకాన్ని చూసి మనిషిని చూసినట్టు రాయొద్దని కూడా మీరే నేర్పారు. అతని ఫోన్ కలవట్లేదు. వాళ్లావిడకి ఫోన్ చేశాను. ఇంటికి రాలేదు. నడిస్తే ఇరవై నిమిషాల దారి."

"ఏ మెట్రో స్టేషన్లోనో తలదాచుకుని ఉంటాడు." లిఫ్టు పుస్తకం తీసి ఆమె ముందుకు తోశాడు. "చూసుకో. ఆరు లిఫ్టులూ నిలిపాడు. ఆరింటికీ సంతకం పెట్టాడు. ఇక లే."

యిమ్ పుస్తకం తెరిచింది.

తుఫాను రోజున లిఫ్టు మెకానిక్ చేసే పని ఒకటే. గాలికి టవర్ ఊగితే లోపల లిఫ్టు తాళ్లూ ఊగుతాయి. అడుగున నీళ్లు చేరతాయి. అందుకని కింద లాబీ నుంచి యాభై రెండుకు ఎక్కడా ఆగకుండా పోయే ఆరు లిఫ్టులనూ ఒక్కొక్కటిగా పైకి తెచ్చి, అక్కడే నిలిపి, కరెంటు తీసేస్తాడు. మంటలప్పుడు ఫైర్‌వాళ్లు వాడే లిఫ్టు ఒక్కటే నడుస్తుంది. ఏ లిఫ్టును ఎక్కడ, ఎన్నింటికి నిలిపాడో కిందికి వచ్చి పుస్తకంలో రాస్తాడు.

ఇవాళ్టి పేజీలో ఆరు వరసలు ఉన్నాయి.

ఒకటో నంబరు, 46, రెండూ రెండు. రెండో నంబరు, 46, రెండూ ఏడు. మూడో నంబరు, 46, రెండూ పన్నెండు. ఐదో నంబరు, 46, రెండూ పద్దెనిమిది. ఆరో నంబరు, 46, రెండూ ఇరవై నాలుగు. ఏడో నంబరు, 52, రెండూ ముప్పై ఒకటి.

ఆమె వెనక్కి తిప్పింది. పోయిన సెప్టెంబరు తుఫాను. దానికి ముందు ఏడాది రెండు తుఫాన్లు. అలా మొదటి పేజీ దాకా. మూడు వారాల కిందటి ప్రమాదం రోజు పేజీ మాత్రం లేదు. స్కేలు పెట్టి చించినట్టు అంచు తిన్నగా ఉంది.

"సార్, ఈ యాభై రెండు ఎవరు రాశారు?"

"తోంగ్ రాశాడు. యాభై రెండో అంతస్తులో నిలిపాడు, యాభై రెండు అని రాశాడు. అందులో వింతేముంది?"

"మరి మిగతా ఐదింటికీ నలభై ఆరని ఎందుకు రాశాడు?"

క్వాక్ పుస్తకం మీదికి వంగాడు.

"ఈ టవర్‌లో నాలుగో అంతస్తు ఉందా సార్?"

"ఈ ఊళ్లో ఏ టవర్‌లో ఉంది? మన భాషలో నాలుగు అన్నా చావు అన్నా ఒకేలా వినిపిస్తుంది. కడితే మాత్రం ఎవడు అద్దెకు దిగుతాడు, చావుని పక్కలో పెట్టుకుని?"

"నాలుగు లేదు. పదమూడు, పద్నాలుగు లేవు. ఇరవై నాలుగు, ముప్పై నాలుగు, నలభై నాలుగు లేవు. మొత్తం ఆరు అంకెలు దాటేశారు. మనకి అది యాభై రెండో అంతస్తు. లిఫ్టు యంత్రానికి ఈ భయాలు లేవు. లాబీ మీద నుంచి ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోతుంది. దాని తెర మీద అదే చోటు నలభై ఆరు. మెకానిక్ చూసేది ఆ తెరనే. పదకొండేళ్ల పుస్తకం ఇది. తోంగ్ ఇందులో ఒక్కసారి కూడా యాభై రెండు అని రాయలేదు."

"తొందర్లో రాసుంటాడు మేడమ్" అన్నాడు చోయ్. "ఇంటికెళ్లే తొందర."

"తొందరలో మనిషి అలవాటైనదే రాస్తాడు బాబాయ్. ఈ వరస వేరే ఎవరో రాశారు. అంటే ఏడో లిఫ్టును తోంగ్ నిలపలేదు. దాన్ని పైకి తెస్తుండగా ఎవరో కరెంటు తీసేశారు. అతను అందులోనే ఉన్నాడు."

"లోపల అలారం బెల్లు ఉంటుంది కదా" అన్నాడు క్వాక్.

"దాని బాటరీ ఎక్కడుంటుంది?"

"పైన. మెషిన్ రూములో."

"కరెంటు తీసినవాడికి బాటరీ తీయడం ఎంతసేపు? ఆ గది తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి?"

"ఒకటి తోంగ్ దగ్గర. ఒకటి నా ఆఫీసులో."

"మీ ఆఫీసు తాళం?"

క్వాక్ ఆమె వైపు చూశాడు. "నా జేబులో. అంటే నన్నా అనుమానిస్తున్నది?"

"మూడు వారాలుగా మిమ్మల్నే సార్. ప్రమాదం జరిగిన గంటలో యాభై రెండులో రక్తం కడిగించింది మీరు."

"ఆఫీసులు తెరిచే టైమైంది. కడిగించక ఏం చేయను?" కుర్చీ వెనక్కి నెట్టాడు. "సరే. పద పైకి. లిఫ్టు తలుపులు బయట నుంచి తెరిచే తాళంచెవి నా గుత్తిలోనే ఉంది. ఏడో నంబరు అక్కడుంటే, సంకేతం దించేదాకా నువ్వు నోరు మూసుకుని లాబీలో కూర్చుంటావు."

"లేకపోతే?"

"లేకపోతే అప్పుడు మాట్లాడు."

బయల్దేరే ముందు యిమ్ ఫైర్ సర్వీసుకు ఫోన్ చేసింది. రోడ్ల మీద చెట్లు పడ్డాయి, గంట పైనే పడుతుందన్నారు. వాకీటాకీలో నీళ్లు నడుము దాకా వచ్చాయని చెప్పారు. అప్పుడు నాలుగు కావడానికి రెండు నిమిషాలు.

ఫైర్ లిఫ్టు గాలి వల్ల నెమ్మదిగా నడిచింది. యాభై రెండుకు రెండు నిమిషాలు పట్టింది. అక్కడ నేల కాళ్ల కింద జరిగినట్టయి మళ్లీ సర్దుకుంది. క్వాక్ గోడ పట్టుకున్నాడు. ఏడో నంబరు తలుపు చివరన ఉంది. పై అంచున రూపాయి బిళ్లంత చిల్లు. క్వాక్ మూడు మూలల తాళంచెవి అందులో పెట్టి తిప్పాడు. యిమ్ రెండు రెక్కలనూ పక్కలకు లాగింది.

లిఫ్టు లేదు.

నల్లటి గొట్టం. ఎదురుగా ఆరు ఇనప తాళ్లు, కిందికి పోతున్నాయి. లోపలి నుంచి గాలి కొడుతోంది. యిమ్ టార్చి వేసింది. వెలుతురు ఏడెనిమిది అంతస్తులు పోయి ఆగింది. కింద లాబీ నుంచి ఇక్కడి దాకా ఆ గొట్టానికి ఒక్క తలుపు లేదు. యంత్రం లెక్కలో నలభై ఐదు అంతస్తుల గోడ. అందులో ఫోన్ అందదు, ఎక్కడ అరిచినా వినేవాళ్లు లేరు.

క్వాక్ వంగి కిందికి చూశాడు. తాళంచెవి ఇంకా చిల్లులోనే ఉంది.

"నన్ను పట్టుకోండి" అంది యిమ్.

"పిచ్చా నీకు?"

"బెల్టు పట్టుకోండి సార్."

అతను ఒక చేత్తో తలుపు చట్రాన్ని, ఇంకో చేత్తో ఆమె బెల్టును పట్టుకున్నాడు. ఆమె లోపలికి వంగి, గోడ వెంట అడుగు దాకా పోయే ఇనప పట్టా మీద టార్చితో మూడు దెబ్బలు కొట్టింది. చెవి పట్టాకు ఆనించింది.

కొంతసేపటికి మూడు దెబ్బలు వినిపించాయి.

"బతికే ఉన్నాడు."

మళ్లీ దెబ్బలు. ఈసారి ఆగకుండా ఒకటి తర్వాత ఒకటి, ఒకే వేగంతో. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. పంతొమ్మిది దగ్గర ఆగాయి. కాస్త ఆగి మళ్లీ మొదలై, మళ్లీ పంతొమ్మిది దగ్గరే ఆగాయి.

"ఎక్కడున్నాడో చెప్తున్నాడు. అతని లెక్కలో పంతొమ్మిది."

క్వాక్ ఆమెను వెనక్కి లాగాడు. "ఆరో నంబరు లిఫ్టును దాని పక్కకి దించి, లిఫ్టుల పక్క తలుపుల్లోంచి తీయొచ్చు. తోంగ్ ఓసారి చేసి చూపించాడు."

"నడిపేది ఎవరు?"

"అది వచ్చింది తోంగ్ ఒక్కడికే" అన్నాడు క్వాక్. తర్వాత, "నేను చేసింది కాదు పుయ్‌సాన్" అన్నాడు. ఐదేళ్లలో మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు.

యిమ్ జవాబు చెప్పేలోగా తాళ్లు కదిలాయి.

మొదట తాళ్ల మీది గ్రీజు మచ్చ ఒకటి టార్చి వెలుతురులోంచి కిందికి జారింది. దాని వెనక ఇంకొకటి. లిఫ్టు దిగుతోంది. కింద పట్టా మీద దెబ్బలు గబగబా పడుతున్నాయి. ఇప్పుడవి లెక్క కాదు.

"తలుపు తెరిచి ఉంటే లిఫ్టు కదలకూడదు" అంది యిమ్. "ఏ అంతస్తులో ఒక్క తలుపు తెరిచినా కరెంటు తెగిపోవాలి. సావ్‌లింగ్ చనిపోయిన రోజు కూడా ఇంతే. ఆ తెగే చోట ఎవరో వైరు కలిపారు. అదే వైరు మళ్లీ పెట్టారు. మీరు నా పక్కన ఉన్నారు."

క్వాక్ వాకీటాకీ తీశాడు. "రాంపు! ఎక్కడున్నారు?"

"రాంపు దగ్గరే సార్, ఇద్దరం. మూడో బేస్‌మెంట్ మునిగిపోయింది. నీళ్లు కప్పుకి తగిలాయి."

"చోయ్! కంట్రోల్ రూమ్! చోయ్!"

జవాబు లేదు. వాళ్లు వచ్చిన ఫైర్ లిఫ్టు యాభై రెండులో లేదు. దాని పైన అంకె యాభై మూడు చూపిస్తోంది. మెషిన్ రూమ్ ఉన్న అంతస్తు.

"పొద్దున్నే నా ఆఫీసు తెరిచి ఊడ్పించేది ముసలాయనే" అన్నాడు క్వాక్. "తాళం ఇంకోటి అతని దగ్గర ఉంటుంది. చెప్పాలని తోచలేదు."

ఏడో నంబరు సామాన్ల లిఫ్టు కూడా. మూడో బేస్‌మెంట్ దాకా దిగుతుంది. మెకానిక్‌లు నడిపే నెమ్మది వేగం నిమిషానికి ఐదు అంతస్తులు. పంతొమ్మిది, దాని కింద మూడు. నాలుగున్నర నిమిషాలు. తోంగ్‌ను రెండూ ముప్పై ఒకటికే బంధించినవాడు ఇంతసేపూ నీళ్ల కోసం ఆగాడు. తుఫాను తర్వాత శవాన్ని తీస్తే అది ప్రమాదంలా కనిపిస్తుంది.

యిమ్ మెట్ల వైపు పరుగెత్తింది.

యాభై మూడులో మెషిన్ రూముకు ఇనప తలుపు. లోపల గడియ పెట్టి ఉంది. మోటారు మోత నేల గుండా కాళ్లకు తెలుస్తోంది. క్వాక్ భుజంతో రెండుసార్లు గుద్దాడు. తలుపు కదల్లేదు.

"బాబాయ్! ఆపండి!"

"మీరు కిందికెళ్లి కూర్చోండి మేడమ్." గొంతు తలుపు దగ్గరే ఉంది. "తుఫానులో పైకి రాకూడదు."

"వైరు పెట్టింది మీరే కదా, సావ్‌లింగ్ రోజు?"

"తలుపు సరిగా మూసుకోక అది మాటిమాటికీ ఆగిపోయేది. ఆఫీసులవాళ్లు ఫోన్లో బూతులు తిట్టేవాళ్లు. మెకానిక్ వచ్చేలోగా వైరు పెట్టి నడిపిద్దామనుకున్నా. గార్డులం అందరం చేసేదే. ఒక్క గంట కోసం."

"తోంగ్‌కి తెలిసింది."

"చూసి పుస్తకంలో రాశాడు. పదకొండేళ్లు ఒకే డబ్బాలో అన్నం పంచుకు తిన్నాం మేడమ్. ఇవాళ పొద్దున ఆ పేజీ చించి నా చేతిలో పెట్టాడు. నువ్వే వెళ్లి చెప్పు, నేను పక్కనుంటా అన్నాడు. చెప్తే నేను జైలుకి. మా ముసల్ది మంచంలో ఉంది. పొద్దునా సాయంత్రం నేను పక్కకి తిప్పకపోతే ఒళ్లంతా పుళ్లు పడతాయి. వాడికా సంగతి తెలుసు. తెలిసీ అన్నాడు."

యిమ్ వాచీ చూసింది. తాళ్లు కదిలి రెండున్నర నిమిషాలు.

"బాబాయ్, తోంగ్ నాకు మీ పేరు చెప్పలేదు."

యిమ్ తలుపుకు ఇంకా దగ్గరగా జరిగింది.

"ఎవరని అడిగాను. చెప్పలేదు. అతని నోటితోనే చెప్పాలి అన్నాడు. స్టేషన్‌కి తెస్తాననలేదు. నన్నే లాబీకి రమ్మన్నాడు. మీకు సంకెళ్లు వేసి తీసుకెళ్లడం టవర్‌లో ఎవరూ చూడకూడదనే, తుఫానుకి అందరూ పోయాక మూడింటికి రమ్మన్నాడు. తనంతట తాను వచ్చి చెప్పినవాడికి ఒక శిక్ష, పట్టుబడినవాడికి ఒక శిక్ష. అది తెలిసే మీకు పేజీ ఇచ్చాడు. ఇప్పుడు మీరు చేసేదానికి శిక్ష ఒకటే. అప్పుడు ఆమెను ఎవరు తిప్పుతారు?"

మోటారు మోగుతూనే ఉంది. క్వాక్ మూడోసారి గుద్దబోతే యిమ్ చెయ్యి అడ్డం పెట్టింది.

టక్ మని శబ్దం వచ్చింది. మోత ఆగింది.

గడియ తీసిన చప్పుడు. చోయ్ తలుపు తెరిచి నిలబడ్డాడు. ఎడమ చేతిలో జానెడు ఎర్ర వైరు ఉంది. లోపల యంత్రం తెర మీద అంకె రెండు. లాబీకి పైన రెండు అంతస్తులు. నీళ్లకు ఇంకా దూరం ఉంది.

"ఆపేశాను మేడమ్" అన్నాడు. చెంపలు తడిగా ఉన్నాయి. "వైరు కూడా పీకేశాను."

యిమ్ ఊపిరి పీల్చుకుంది. క్వాక్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

అప్పుడు చక్రం కదిలింది.

గది మధ్యలో మనిషి ఎత్తు ఇనప చక్రం. తాళ్లు దాని మీది నుంచి పోతాయి. మోటారు ఆగి ఉంది. చక్రం తిరుగుతోంది, ఇందాకటికి వ్యతిరేకంగా.

"ఆపాను మేడమ్" అన్నాడు చోయ్. "ఆగట్లేదు."

తెర మీద రెండు పోయి మూడు వచ్చింది. తర్వాత ఐదు.

"పైకొస్తోంది" అన్నాడు క్వాక్. "ఎలా వస్తుంది? కరెంటు లేదు కదా!"

మూడు వారాల్లో లిఫ్టుల గురించి యిమ్ నేర్చుకున్న సంగతి ఒకటుంది. తాడుకు ఒక కొసన లిఫ్టు, రెండో కొసన ఇనప దిమ్మలు. లోపల ఒక్క మనిషే ఉంటే దిమ్మల బరువే ఎక్కువ. బ్రేకు వదిలేస్తే లిఫ్టు పడిపోదు. దిమ్మలు పడతాయి, లిఫ్టు పైకి లేస్తుంది. లేచేకొద్దీ వేగం పెరుగుతుంది.

"ఇంతసేపూ పట్టిన బ్రేకు ఇప్పుడు పట్టడం లేదు" అంది. "సావ్‌లింగ్ రోజు కూడా దీన్ని ఎవరూ నడపలేదు. వైరు వల్ల తలుపు తెరుచుకుని ఉండగానే కరెంటు ఉంది, అంతే. కదిలింది దానంతట అదే."

క్వాక్ చోయ్ చెయ్యి వదిలేశాడు. చక్రం పక్కనున్న బ్రేకు దిమ్మల వైపు చూశాడు. వాటి అంచున ఇనుము మెరుస్తోంది. పైన ఉండాల్సిన పట్టీ అరిగిపోయింది.

"మార్చాలని తోంగ్ మూడుసార్లు రాసిచ్చాడు" అన్నాడు. "టవర్ ఆపాల్సి వస్తుందని నేనే పక్కన పెట్టాను. మూడు కాగితాలూ నా సొరుగులో ఉన్నాయి."

తెర మీద అంకె పన్నెండు. యిమ్ చక్రం పక్కన గోడకు తగిలించి ఉన్న ఇనప కడ్డీని రెండు చేతులా ఊడబీకింది. "ఇద్దరూ రండి" అంది. "బ్రేకు దిమ్మ మీద పెట్టి నొక్కాలి. బరువంతా వేయండి."

ముగ్గురూ కడ్డీ మీద పడ్డారు. ఇనుము ఇనుముకు రాసుకుని గదిలో నిప్పురవ్వలు లేచాయి. చోయ్ అరుస్తున్నాడు, తోంగ్ పేరు పిలుస్తూ. చక్రం వేగం తగ్గిందో లేదో చేతులకు తెలియడం లేదు. యిమ్ తల తిప్పి తెర చూసింది.

పంతొమ్మిది. చూస్తుండగానే ఇరవై మూడు.

లిఫ్టు ఆగడానికి చోటున్నది నలభై ఆరు దాకానే. దాని పైన ఉన్నది ఈ గది నేల.